యాభై ఒకటో గుడ్డ

ఆ ఆసుపత్రి నేలమాళిగలో, ఆవిరి యంత్రం పక్క గదిలో, ఒకావిడ తొమ్మిదేళ్లుగా గుడ్డలు మడిచేది. నర్సులకూ ఆయాలకూ, ఆఖరికి మేడ మీద సూపరింటెండెంటుగారికీ ఆవిడ మడతలత్తే. అసలు పేరు హాజరుపట్టీకి తప్ప ఎవరికీ తెలియదు. ఆవిడ మడత చూసి ఇస్త్రీపెట్టె సిగ్గుతో చల్లారిపోయేదనీ, ఆ గుడ్డ మీద వాలిన ఈగ జారిపడి కాలు విరగ్గొట్టుకుని అదే ఆసుపత్రిలో చేరిందనీ చెప్పుకునేవారు. ఈగ ఏ వార్డులో చేరిందో ఎవరూ చూడలేదు గానీ, మడత మాత్రం అందరూ చూసిందే.

ఆ గుడ్డలు ఆపరేషన్లో రక్తం అద్దడానికి వాడేవి. గాజుగుడ్డ చుట్ట విప్పి, కత్తిరించి, పోగులు బయటికి రాకుండా అంచులు లోపలికి మడిచి కుట్టాలి. పదేసి గుడ్డలు ఒక కట్ట. అయిదు కట్టలు ఒక స్టీలు డ్రమ్ము. ఆ డ్రమ్ము ఆవిరిలో ఉడికి, మూత బిగించుకుని, రెండంతస్తులు ఎక్కి థియేటర్లోకి పోయేది. ఒక ఆపరేషన్‌కి ఒక డ్రమ్ము. ప్రతి గుడ్డలోనూ ఒక నీలిదారం నేసి ఉండేది. అదెందుకో అత్తకు తెలియదు. కంపెనీవాడి సోకు అనుకునేది. థియేటర్ గడప ఆవిడ ఏనాడూ తొక్కలేదు. తన గుడ్డలు పైకి పోవడం తెలుసు, పైన వాటి బతుకేమిటో తెలియదు.

ఈ ఉద్యోగానికి ముందు అత్త పన్నెండేళ్లు తోపుడుబండి మీద కూరగాయలు అమ్మింది. వీధిలో ఆవిడ బండి రాకముందు ఇంకో బండి దగ్గర ఎవరూ సంచి తెరిచేవారు కారు. కారణం కొసరు. తూకం సరిగ్గా తూచి, ముల్లు నిలబడ్డాక, పైన ఒక టమాటానో రెండు పచ్చిమిరపకాయలో వేసేది. "తూకం తూకమే, కొసరు కొసరే" అనేది. అడిగించుకుని వేస్తే అది కొసరు కాదని ఆవిడ పట్టుదల. బండి పోయింది, వీధి పోయింది, ఆ చేతి అలవాటు మాత్రం వేళ్లలోనే ఉండిపోయింది. ఆ ఆసుపత్రిలో దాని సంగతి ఎవరికీ తెలియదు, తెలుసుకోవాల్సిన పని ఉందనీ ఎవరూ అనుకోలేదు.

థియేటర్‌కి పెద్ద నర్సు లెక్కల సిస్టర్. సూదులు, కత్తెరలు, గుడ్డలు, దారాలు అన్నీ ఆవిడ లెక్కలోనే ఉండాలి. ఆవిడ బూట్ల చప్పుడు వినబడితే థర్మామీటర్లో పాదరసం దానంతటదే దిగి కూర్చుంటుందని వార్డుబాయిలు ప్రమాణం చేసేవారు. ఆ బూట్లు నేలమాళిగ మెట్లు దిగడం తొమ్మిదేళ్లలో ఒక్కసారే జరిగింది. ఒక బుధవారం.

"అత్తా, పైనుంచి తెచ్చిన ఈ కట్టలో ఎన్నున్నాయి?"

"పది సిస్టర్."

"లెక్కపెట్టు."

అత్త లెక్కపెట్టింది. తొమ్మిది. మళ్లీ లెక్కపెట్టింది. తొమ్మిదే. పదోది తన ముక్కాలిపీట కిందే పడుంది, పిల్లిపిల్లలా ముడుచుకుని.

"ఈ ఒక్క గుడ్డ కోసం ముప్పావుగంట వెతికాం. నేల మీద, బల్ల కింద, డాక్టరుగారి బూటు కింద. మనిషి అలాగే మత్తులో ఉన్నాడు. ఇంకోసారి తక్కువ రాకూడదు. అర్థమైందా?"

"అర్థమైంది సిస్టర్."

తక్కువ రాకూడదన్నది అర్థమైంది. ఎందుకు రాకూడదో సిస్టర్ చెప్పలేదు, అత్త అడగలేదు. ఆపరేషన్ మధ్యలో డాక్టరు చెయ్యి చాపితే గుడ్డ దొరక్కపోయుంటుందనీ, అందరి ముందూ పరువు పోయుంటుందనీ ఆవిడ ఊహించుకుంది. తొమ్మిదేళ్ల పేరు ఒక్క గుడ్డతో మట్టిలో కలిసింది. ఆ రాత్రి అన్నం సయించలేదు.

పైన థియేటర్లో సిస్టర్ కొత్త ఆజ్ఞ వేసింది. డ్రమ్ము తెరవగానే ప్రతి కట్టా విప్పి లెక్కపెట్టాలని. రెండు రోజులు లెక్కపెట్టారు. మూడో రోజు నుంచి మామూలే. అత్త కట్ట అంటే పదేనని అందరి నమ్మకం.

అత్త మాత్రం గురువారం కట్టిన నాలుగు డ్రమ్ముల్లోనూ, ఆఖరి కట్టలో, ఒక్కొక్క గుడ్డ ఎక్కువ వేసింది. ఇక జన్మలో తక్కువన్న మాట పడకూడదు. కొసరు వేశాక మనసు తేలికపడింది.

ఆ నాలుగు డ్రమ్ములూ సోమవారం పైకి వెళ్లాయి.

సోమవారం ఒంటిగంటన్నరకి థియేటర్ ఆయా బుట్ట చంకన పెట్టుకుని దిగివచ్చింది. అత్తకి ఆ ఆసుపత్రిలో వదినా అని పిలిచే మనిషి ఆవిడొక్కతే.

"ఇదిగో వదినా, ఇందాకటి రెండో ఆపరేషన్లో వాడని కట్ట ఒకటి మిగిలింది. మళ్లీ ఉడకేసుకో. అబ్బ, నా నడుం! ఇవాళ ఊపిరి పీల్చుకుంటే ఒట్టు."

"ఏమైందేం?"

"పొద్దున మొదటి ఆపరేషన్ అయ్యాక కొత్త సిస్టర్ గుడ్డలు లెక్కపెడితే యాభై ఒకటి తేలాయి. ఒకటి ఎక్కువ! అత్తకి మన మీద ప్రేమ ఎక్కువైందని నవ్వుకున్నాంలే."

అత్త ముసిముసిగా నవ్వింది. "లెక్కల సిస్టర్ ఏమంది?"

"ఆవిడకి చెబితే కదా! తక్కువైతే చెప్పాలి గానీ ఎక్కువైతే ఎవరిక్కావాలి? చెబితే ఆ పిల్లని నిలబెట్టి కడిగేస్తుంది. బోర్డు మీద యాభై అని రాసేసి చేతులు దులుపుకుంది."

"అయినా వాడేసిన గుడ్డలు లెక్కపెట్టడమేమిటే? పారేసేవేగా?"

ఆయా నోటి దాకా తెచ్చుకున్న టీ గ్లాసు ఆపి చూసింది. "తొమ్మిదేళ్ల నుంచీ మడుస్తున్నావు, నీకు తెలీదా? పొట్ట కుట్టేముందు లెక్కపెడతారు. లోపలికి ఎన్ని వెళ్తే అన్నీ బయటికి రావాలి. రక్తంలో తడిస్తే గుడ్డేదో పేగేదో తెలీదట వదినా. ఒక్కటి లోపలుండగా కుట్టేశారనుకో, మనిషి బాగానే లేచి కూర్చుంటాడు, తర్వాత లోపల్లోపలే చీము పట్టి..." ఆయా మిగతాది చేత్తో చెప్పింది. చెయ్యి వెల్లకిలా పడింది.

అత్త చేతిలోని గుడ్డ కింద పెట్టింది. "రెండో ఆపరేషన్‌కి ఎన్నొచ్చాయి?"

"అదా? పరుగుల మీద వచ్చిన కేసు. ఎవరో ప్లంబర్ భార్యట, పేగు పగిలింది. కట్టలు విప్పి లెక్కపెట్టే తీరికెక్కడిది? దానికేంలే, లెక్కల సిస్టరే దగ్గరుంది. ఆఖర్న యాభైకి యాభై, సరిగ్గా సరిపోయింది."

సరిపోయింది.

ఆయా ఇంకా ఏదో చెబుతోంది. అత్తకి వినబడలేదు. ఆ డ్రమ్ములో ఉన్నవి యాభై ఒకటి. తన చేత్తో వేసింది. లెక్క సరిపోకూడదు. సరిపోయిందంటే... ఆ మూడంతస్తుల భవనంలో, అంతమంది చదువుకున్నవాళ్లలో, ఆ లెక్క తప్పని తెలిసిన మనిషి నేలమాళిగలో ముక్కాలిపీట మీద కూర్చున్న తానొక్కతే.

ఆయా వెళ్లిపోగానే కళ్లు ఆవిడ వదిలిన బుట్ట మీద పడ్డాయి. వాడని కట్ట! ఆ ఒక్కటీ విప్పకుండానే పది అని లెక్కేసుకుని ఉంటారు. కొసరు దీన్లోనే ఉండిపోయిందేమో. ఉంటే అంతా సవ్యమే. అత్త దారం తెంపింది. ఒకటి, రెండు... తొమ్మిది, పది. ఇక లేదు. బల్ల తుడిచి, ఒక్కొక్క గుడ్డా దులిపి, రెండు గుడ్డలు అంటుకుని ఉన్నాయేమోనని గోటితో విడదీసి చూసింది. నాలుగుసార్లు లెక్కపెట్టింది. నాలుగుసార్లూ పదే.

అయితే యాభై ఒకటో గుడ్డ ఎక్కడ?

చెప్పాలి. ఆ మాట మనసులో మెదలగానే సీసాల అమ్మాయి కళ్ల ముందు నిలబడింది. మందుల గదిలో సీసాలు సర్దే పిల్ల. పోయిన ఏడాది వార్డు పళ్లెంలో ఒక మందు సీసాకి బదులు అలాంటిదే ఇంకోటి పెట్టింది. అరగంటకి తనే గుర్తుపట్టి, పరిగెత్తుకెళ్లి చెప్పింది. ఎవరికీ ఏమీ కాలేదు. సాయంత్రానికల్లా ఆ పిల్ల చేతిలో ఇంటికి పొమ్మన్న కాగితం పడింది. గేటు దగ్గర సంచి పట్టుకుని ఏడుస్తూ నిలబడితే, పక్కనుంచి పోయేవాళ్లందరూ ఒకటే మాట అనుకున్నారు, పిచ్చిది, నోరు మూసుకుని ఉండాల్సిందని. అత్త కూడా అనుకుంది.

మరి తనది? సీసా తప్పు కాదే ఇది. మనిషి పొట్ట.

చెప్పకుండానే తేల్చుకునే దారి ఒకటి తట్టింది. వాడిన గుడ్డలు పసుపు సంచుల్లో కట్టి పెరట్లో పడేస్తారు. వెళ్లి తనే లెక్కపెట్టుకుంటే? అక్కడ నలభై ఒకటి ఉంటే, ఎవరో తప్పు లెక్కపెట్టారన్నమాట. ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. ఆ ఆశ పట్టుకుని వెనక మెట్లెక్కింది.

పెరట్లో కాపలావాడు కుర్చీలో కునుకుతున్నాడు. అతని పక్కన గోడవారగా ఏడు పసుపు సంచులు.

"అల్లుడూ, అల్లుడూ!"

"ఏంటత్తా, ఎండలో ఇలా వచ్చావు? మడిచే గుడ్డలైపోయాయా? నా చొక్కా ఉంది, మడుస్తావా?"

"ఆ సంచులు ఒకసారి విప్పాలి."

అతనికి కునుకు వదిలిపోయింది. "పసుపు సంచా? ముడి వేశాక సూపరింటెండెంటుగారు కూడా ముట్టుకోకూడదు. రోగాలంటుకుంటాయి. ఏం పోయింది నీది? ఉంగరమా?"

"ఉంగరం కాదు..."

"మరి?"

అత్త చెప్పడానికి నోరు తెరిచింది, మూసింది. "ఇవి ఎప్పుడు తీసుకుపోతారు?"

"మూడింటికి బండొస్తుంది. నాలుగింటికల్లా బూడిద. బూడిదలో వెతుక్కుంటావా నీ ఉంగరం?" అతను నవ్వాడు.

గోడ గడియారం రెండు దాటింది. బూడిదయ్యాక ఇంకెవరూ ఏమీ లెక్కపెట్టలేరు. ఆ ఆలోచన రాగానే అత్తకి ఒక క్షణం హాయిగా అనిపించింది. ఆ హాయి చూసి తనకే ఒళ్లు జలదరించింది.

వెనక్కి వచ్చే దారి థియేటర్ కింది వరండా మీదుగానే. అక్కడ బెంచీ మీద ఒకతను కూర్చున్నాడు. గోళ్లలో నల్లటి గ్రీజు, మోకాళ్ల దగ్గర ప్యాంటు మాసి ఉంది. చేతిలో ఆడవాళ్ల కళ్లజోడు. దాన్ని చొక్కా అంచుతో తుడిచి, వెలుతురుకి పెట్టి చూసి, మళ్లీ తుడుస్తున్నాడు.

"అమ్మా, మీరు ఇక్కడే పనిచేస్తారా? మావిడకి ఆపరేషన్ అయిపోయిందట. ఇంకా చూడనివ్వలేదు. మెలకువ రాగానే కళ్లజోడు అడుగుతుంది, అది లేకపోతే నన్ను కూడా గుర్తుపట్టదు." అతను నవ్వబోయాడు, నవ్వు సగంలో వణికింది. "అంతా సరిగ్గానే అయిందన్నారు. సరిగ్గానే అయ్యుంటుంది కదమ్మా?"

అత్త తలూపింది. ఊపింది అవుననా కాదనా తనకే తెలియలేదు. నాలుగడుగులు వేసి, మెట్ల మలుపులో గోడకి చేరగిలబడి, భర్తకి ఫోన్ చేసింది. ఆయన బస్టాండు పక్కన గడియారాలు బాగుచేస్తాడు. ఊళ్లో గడియారాలన్నీ తనని చూసి సమయం సరిచేసుకుంటాయని ఆయన కోత.

"ఏమిటే, పనివేళ ఫోను? గుడ్డలు గానీ తిరగబడ్డాయా?"

"ఏమండీ, గడియారం విప్పి మళ్లీ బిగించాక, ఒక స్క్రూ లోపల పడిపోయిందని తెలిస్తే ఏం చేస్తారు?"

"విప్పుతాను."

"పడిందో లేదో తెలియకపోతే?"

ఆయన గొంతులోంచి వేళాకోళం పోయింది. "స్క్రూ లోపల పడిన గడియారం కూడా నడుస్తుందే. నాలుగు రోజులు బాగానే నడుస్తుంది. అందుకే భయం." అప్పుడడిగాడు, "ఏం జరిగింది?"

చెప్పింది. అవతల టిక్కుటిక్కులు తప్ప ఏమీ వినబడలేదు.

"ఉద్యోగం పోతుందండీ."

"పోతుంది."

"ఏం చెయ్యమంటారు?"

"నన్నడుగుతున్నావా? నేను వద్దంటే ఆగుదామనా?"

అత్త ఫోన్ పెట్టేసింది. థియేటర్ వైపు మెట్లెక్కింది. ప్రతి మెట్టు దగ్గరా వెనక్కి తిరిగిపోదామనే అనిపించింది. తొమ్మిదేళ్లలో మొదటిసారి థియేటర్ తలుపు ముందు నిలబడి, అద్దంలోంచి చూసింది. లోపల బల్ల మీద మూడో మనిషిని పడుకోబెడుతున్నారు. తల దగ్గర మత్తు డాక్టరు. గోడవార స్టూలు మీద తన డ్రమ్ము, ఇంకా మూత తియ్యలేదు.

అత్త తలుపు మీద దబదబా బాదింది.

లెక్కల సిస్టర్ మాస్కు కిందికి లాగి బయటికొచ్చింది. "ఏమిటిది? మతి పోయిందా?"

"సిస్టర్, ఆ డ్రమ్ము తెరవకండి. దాన్లో యాభై ఒకటున్నాయి." మాటలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. "నేనే వేశాను, ఒకటి ఎక్కువ. కొసరు. నాలుగు డ్రమ్ముల్లోనూ వేశాను. తక్కువ రాకూడదన్నారుగా, అందుకని. మొదటి ఆపరేషన్‌కి యాభై ఒకటి తేలాయట. రెండోదానికి యాభయ్యే తేలాయట. మిగిలిన కట్ట చూశాను సిస్టర్, పదే ఉన్నాయి, నాలుగుసార్లు చూశాను..."

సిస్టర్ మొహంలో రక్తం ఎలా దిగిపోయిందో అత్త ఎన్నేళ్లయినా మర్చిపోలేదు. అరుస్తుందనుకుంది. కొట్టినా పడదామనుకుంది. అందరినీ భయపెట్టే మనిషి భయపడితే ఎలా ఉంటుందో చూస్తాననుకోలేదు.

"రెండో కేసు లెక్క నేనే రాశాను" అంది సిస్టర్, చాలా నెమ్మదిగా. "కట్టలు విప్పకుండా అయిదు పదులు యాభై అని రాశాను."

ఆ తర్వాత ఆవిడ అరిచింది, అత్త మీద కాదు. మూడో మనిషికి మత్తు ఇవ్వడం ఆపమని అరిచింది. కొత్త సిస్టర్‌ని పెరట్లోకి పరిగెత్తించింది, పసుపు సంచులు కదలకూడదని. రెండో ఆపరేషన్ చేసిన కత్తి డాక్టరు అప్పటికే కారు తలుపు తీశాడు, ఆయన్ని కిటికీలోంచే కేకేసి ఆపింది. చేతులకి తొడుగులేసుకుని, రెండో కేసు సంచి విప్పించి, రక్తపు గుడ్డలు ఒక్కొక్కటీ నేల మీద పరిచిన ప్లాస్టిక్ కాగితం మీద పెడుతూ పైకి లెక్కపెట్టింది. కొత్త సిస్టర్ పక్కన నిలబడి మళ్లీ లెక్కపెట్టింది. నలభై. ఇద్దరికీ నలభయ్యే. ఆ కొత్త పిల్ల ఏడుపు ఆపుకోలేక, పొద్దున యాభై ఒకటి తేలిన సంగతి అప్పుడు చెప్పింది.

చక్రాల ఎక్స్‌రే యంత్రాన్ని రోగి మంచం దగ్గరికే తోసుకొచ్చారు. అత్త గుమ్మం పక్క గోడకి అతుక్కుపోయి నిలబడింది. పొమ్మని ఎవరూ అనలేదు, ఆవిడ ఉందని ఎవరికీ గుర్తులేదు. సిస్టర్ ఫిల్మును కిటికీ వెలుగుకి ఎత్తిపట్టింది. నల్లటి ఫిల్ము మీద, ఎముకల నీడల పక్కన, తెల్లటి సన్నని గీత ఒకటి వంకరలు తిరిగి ముడుచుకుని ఉంది.

"నీలిదారం" అంది సిస్టర్.

కంపెనీవాడి సోకు కాదన్నమాట. ఆ దారం ఉన్నది ఇందుకన్నమాట. లోపల పోగొట్టుకున్నదాన్ని ఎక్స్‌రేలో వెతికి పట్టుకోవడానికి. తొమ్మిదేళ్లు ఆ దారాన్ని వేళ్లతో నిమిరి మడిచింది అత్త. ఇప్పుడది ఎవరి కడుపులోనో ముడుచుకుని పడుకుంది.

"ఎవరు మడిచారిది?" కత్తి డాక్టరు గొంతు వరండా చివరిదాకా వినబడింది.

"ముందు తీద్దాం సార్" అంది సిస్టర్. "ఎవరన్నది పొట్టలోంచి బయటికొచ్చాక చూసుకుందాం."

మళ్లీ తెరిచేముందు, సిస్టర్ తానే బెంచీ దగ్గరికి వెళ్లింది. ఇంకో చిన్న పరీక్ష అని చెబితే చాలని కత్తి డాక్టరు అన్నాడు. ఆవిడ వినలేదు.

"మేం లెక్క తప్పాం. మీ ఆవిడ లోపల ఒక గుడ్డ ఉండిపోయింది. మళ్లీ తెరిచి తీస్తున్నాం."

ప్లంబర్ లేచి నిలబడ్డాడు. కూర్చున్నాడు. మళ్లీ లేచాడు. "ఇందాక సరిగ్గా అయిందన్నారు?"

"అన్నాం. తప్పు."

"బతుకుతుందా?"

"ఇప్పుడే తెలిసింది కాబట్టి..." సిస్టర్ ఆగింది. "శాయశక్తులా చూస్తాం."

ఆ గంటన్నర అత్త వరండా చివర నేల మీద కూర్చుంది. బెంచీ మీద చోటుంది, కానీ ఆ మనిషి పక్కన కూర్చోవడానికి ధైర్యం చాల్లేదు. పైన థియేటర్ తలుపు చప్పుడైన ప్రతిసారీ మెట్లవైపు చూసేది. ఒకసారి ఆయా దూది కోసం పరుగున వెళ్లింది, ఇటు చూడలేదు. ఇంకోసారి రక్తం సీసా పైకి పోయింది. రక్తం ఎందుకు? ఎంత పోయింది? అడిగే హక్కు తనకి లేదనిపించింది. వేళ్లు వాటంతటవే చీర చెంగుని మడుస్తున్నాయి, విప్పుతున్నాయి, మళ్లీ మడుస్తున్నాయి. ఆ చేతుల్ని చూస్తే తనకే భయం వేసి, తొడల కింద పెట్టుకుని కూర్చుంది.

నాలుగున్నరకి గుడ్డ బయటికొచ్చింది. సిస్టర్ వచ్చి, పైకి చెప్పింది, అందరికీ వినబడేలా. "యాభై ఒకటి." ప్లంబర్ మొహం చేతుల్లో దాచుకున్నాడు.

సాయంత్రం సూపరింటెండెంటు ఫోన్ చేశారు. అత్త పక్కనే నిలబడి ఉంది, సంచి సర్దుకుని.

"అవును సార్, ఆవిడే చెప్పింది" అంటోంది సిస్టర్. "లేదు సార్. ఆవిణ్ణి పంపించేస్తే నన్ను కూడా పంపించండి, బోర్డు మీద రాసింది నేను. ఎక్కువ తేలినా చెప్పని పిల్ల నాకు భయపడి చెప్పలేదు, అదీ నా తప్పే. సీసాల అమ్మాయిని పంపించాం కదా సార్, అప్పట్నుంచి ఈ భవనంలో ఎవరైనా నోరు తెరిచారా? ఈవిణ్ణి కూడా పంపిస్తే, ఇక గుడ్డల్ని మనం శవాల్లో లెక్కపెట్టుకోవాలి."

సిస్టర్ ఫోన్ పెట్టేసి, అత్త సంచి వైపు చూసింది. "అది కింద పెట్టు. ఉంటావో లేదో ఆయన రేపు చెబుతారట. ఇవాళ మాత్రం మిగతా రెండు డ్రమ్ములూ విప్పాలి. నువ్వు పైకి లెక్కపెట్టు, నేను వింటాను."

ఉద్యోగం నిలబడింది. మర్నాటి నుంచి డ్రమ్ము తెరవగానే ఇద్దరు పైకి లెక్కపెట్టడం మొదలైంది. కుట్టేముందు మళ్లీ. పది కాని కట్ట ఏదైనా, ఎక్కువైనా తక్కువైనా, ఆ గదిలోంచి బయటికి పోవాల్సిందే. అత్తకి ఒక టోపీ, ఒక మాస్కు ఇచ్చి, తన గుడ్డలు ఎక్కడికి పోతాయో ఒక పూట నిలబెట్టి చూపించారు. చూసి వచ్చాక రెండు రోజులు ఆవిడ ఒక్కో కట్ట పదేసిసార్లు లెక్కపెట్టింది. పని సాగక మళ్లీ తిట్లు తింది. అయినా మానలేదు. కూరగాయల బండి దగ్గర ఆగినప్పుడు, అమ్మేవాడు పైన ఒక పచ్చిమిరపకాయ వేయబోతే, చెయ్యి అడ్డం పెట్టేసేది. వాడు పిచ్చిదాన్ని చూసినట్టు చూసేవాడు.

ఈలోగా ఆసుపత్రిలో అత్త పేరు మారుమోగిపోయింది. తెలిసిన క్షణంలో మూడంతస్తులు మూడంగల్లో ఎక్కిందనీ, థియేటర్ తలుపు బద్దలుకొట్టుకుని లోపలికి దూకిందనీ చెప్పుకున్నారు. కాపలావాడు ఇంకో అంతస్తు కూడా కలిపాడు. అత్త ఎవరినీ సరిదిద్దలేదు. ఆ పొగడ్త విన్నప్పుడల్లా మాత్రం ఒళ్లు ముడుచుకుపోయేది.

అయిదో రోజు సిస్టర్ చెప్పింది, ప్లంబర్ భార్యకి జ్వరం తగ్గిందనీ, చూడాలంటే వెళ్లొచ్చనీ. అత్త మూడుసార్లు వార్డు దాకా వెళ్లి మూడుసార్లూ వెనక్కి వచ్చింది. నాలుగోసారి గుమ్మంలోనే ప్లంబర్ ఎదురుపడ్డాడు.

"మీరే కదమ్మా ఆ రోజు నాతో మాట్లాడింది? గుడ్డలు మడిచేది మీరేనట."

"నేనే బాబూ."

"మీ మీద కోపం లేదని చెప్పను. రాత్రి నిద్రపట్టదు నాకు. కానీ తెలిసిన వెంటనే పరిగెత్తుకొచ్చి చెప్పారట కదా. అందరూ అదే అంటున్నారు."

అవునంటే సరిపోతుంది. అందరూ అదే అంటున్నారు. అతను నమ్మేశాడు కూడా.

"వెంటనే కాదు బాబూ. నలభై నిమిషాలు ఆగాను. మీరు బెంచీ మీద నన్ను అడిగారే, సరిగ్గానే అయ్యుంటుంది కదా అని... అప్పటికే నాకు తెలుసు. తలూపి వెళ్లిపోయాను. సంచులు కాలిపోతే బాగుండునని కూడా ఒక క్షణం అనుకున్నాను."

అత్త కళ్లు నేల మీదే ఉన్నాయి. ఆ మౌనం ముందు లెక్కల సిస్టర్ బూట్ల చప్పుడు కూడా నయమనిపించింది.

లోపల మంచం మీద నుంచి నీరసమైన గొంతు వినబడింది. "ఎవరండీ?"

అతను లోపలికి తల తిప్పాడు. "గుడ్డలు మడిచే ఆవిడ."

"లోపలికి రమ్మనండి."

అతను గుమ్మంలోంచి పక్కకి తప్పుకున్నాడు. అత్త ఒక అడుగు వేద్దామనుకుంది. కాలు కదల్లేదు.